నొప్పి తగ్గింది, గాయం మానిందా?



ఆటలో కాలు మడతపడిన కుర్రవాడు, తొడ పట్టేసి కుంటుతూ వచ్చిన పరుగుపందెం అమ్మాయి, మోకాలు వాచిన కబడ్డీ ఆటగాడు - ఇలాంటివారు మా ఓపీకి రాని వారం ఉండదు. అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "సిస్టర్, ఆపరేషన్ చేస్తారా?" చాలామందికి అవసరం ఉండదు. ఆ మాట చెప్పగానే ముఖాలు వెలుగుతాయి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "అయితే రేపటినుంచి ఆడుకోవచ్చా?"

ఆపరేషన్ అక్కర్లేదంటే వైద్యమే అక్కర్లేదని కాదు. నొప్పి తగ్గిందంటే గాయం మానిందని కాదు. ఈ రెండు విషయాలు తెలియక ఎందరో పిల్లలు చిన్న గాయాన్ని పెద్దది చేసుకుంటున్నారు. నేను కూడా ఒకసారి ఆ తప్పు చేశాను. ముందు అది చెప్పి తరువాత పాఠంలోకి వెళ్తాను.

పిన్నీ, ఒక్క సూది వేయి

చాలా ఏళ్ళ క్రితం మాట. సంక్రాంతి సెలవులకు మా అక్క వాళ్ళ ఊరు వెళ్ళాను. ఊళ్ళో కబడ్డీ పోటీలు జరుగుతున్నాయి. మా అక్క కొడుకు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. సెమీఫైనల్లో కూతకు వెళ్ళి వెనక్కి తిరుగుతుండగా వాడి పాదం లోపలికి మడతపడింది. సాయంత్రానికి చీలమండ బయటివైపు నిమ్మకాయంత వాచింది. మరునాడే ఫైనల్. "పిన్నీ, నువ్వు నర్సువేగా, ఒక్క సూది వేయి, రేపు ఒక్క ఆట ఆడి ఊరుకుంటాను" అని బతిమాలాడు. డాక్టరు గారిని అడగకుండా నేను ఆ పని చేయకూడదు. అయినా పిల్లవాడి మీద ప్రేమతో నొప్పి ఇంజక్షన్ తెప్పించి వేశాను, క్రేప్ బ్యాండేజీ చుట్టాను.

పొద్దుటికి నొప్పి లేదు. ఆడాడు. పావుగంట తిరగకముందే అదే కాలు మళ్ళీ మడతపడింది. ఈసారి లేవలేకపోయాడు. మొదటి రోజు కొంచెం చిరిగిన లిగమెంటు రెండో రోజు పూర్తిగా తెగింది. మూడు నెలలు సరిగ్గా నడవలేకపోయాడు. ఆ తరువాత కూడా ఎగుడుదిగుడు నేల మీద ఆ కాలు జారిపోతూనే ఉండేది. రెండేళ్ళ తరువాత ఆర్మీ సెలక్షన్‌కు వెళ్తే 1.6 కిలోమీటర్ల పరుగులో అదే కాలు మోసం చేసింది.

మా అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా బాధ. నేను వేసిన సూది గాయాన్ని మాన్పలేదు, "ఆగు" అని చెప్పే నొప్పి నోరు మాత్రం నొక్కింది.

బెణుకు అంటే ఏమిటి?

ఎముకకూ ఎముకకూ మధ్య కీలును పట్టి ఉంచే గట్టి పట్టీలను లిగమెంట్లు అంటారు. కీలు తిరగకూడని వైపు తిరిగినప్పుడు ఈ పట్టీ సాగుతుంది, చిరుగుతుంది, ఒక్కోసారి పూర్తిగా తెగుతుంది. ఇదే బెణుకు. చీలమండ బెణికినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది బయటివైపు, ముందు భాగాన ఉండే లిగమెంటు.

కండరాన్ని ఎముకకు అతికించే తాడును టెండాన్ అంటారు. పరుగు మధ్యలో తొడ వెనక ఎవరో కొట్టినట్టు చురుక్కుమంటే అక్కడ కండరమో, అది టెండాన్‌తో కలిసే చోటో చిరిగిందని అర్థం. రాత్రి నిద్రలో పిక్క పట్టేసి కాసేపటికి వదిలేయడం వేరు. ఆ కండరం చిరగలేదు, కాసేపు బిగుసుకుంది, అంతే.

బెణుకులు మూడు రకాలు:

1. లిగమెంటు సాగింది, కీలు గట్టిగానే ఉంది. సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది.
2. కొంతభాగం చిరిగింది. వాపు, కమిలిన మచ్చ ఉంటాయి. మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.
3. పూర్తిగా తెగింది. కీలు వదులుగా ఉంటుంది. మూడు నెలలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పట్టవచ్చు. చీలమండ విషయంలో ఇందులో కూడా చాలామందికి ఆపరేషన్ లేకుండానే నయమవుతుంది.

లోపల ఏం జరుగుతుంది?

గాయమైన మొదటి కొద్ది రోజులు వాపు ఉంటుంది. వాపు శత్రువు కాదు, మరమ్మతు పనివాళ్ళు వచ్చారని గుర్తు. తరువాత కొన్ని వారాలపాటు కొత్త నారలు పుడతాయి. కానీ అవి అడ్డదిడ్డంగా, కొత్తగా పూసిన సిమెంటులాగా పచ్చిగా ఉంటాయి. ఆ నారలు వరుసలో పడి గట్టిపడడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా.

నొప్పి మాత్రం రెండో వారానికే తగ్గిపోవచ్చు. బయటికి మామూలుగా కనబడే కాలు లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఇంకొక సంగతి. పాదం ఏ వాలులో ఉందో మెదడుకు తెలియజేసే సన్నని నరాల కొనలు లిగమెంట్లలో ఉంటాయి. లిగమెంటు చిరిగితే ఈ కబురు ఆలస్యమవుతుంది. పాదం పక్కకు ఒరుగుతున్నా కండరాలు సమయానికి పట్టుకోవు. ఒకసారి బెణికిన కాలు పదే పదే బెణకడానికి ఇది ముఖ్యమైన కారణం. ఈ లోపం మాత్రలతో, కట్లతో పోదు. వ్యాయామంతోనే పోతుంది.

మొదటి మూడు రోజులు ఏం చేయాలి?

* ఆట వెంటనే ఆపండి. "నడిస్తే సర్దుకుంటుంది" అనుకోవద్దు.
* కాలును దిండు మీద, గుండె కన్నా ఎత్తులో ఉంచండి.
* క్రేప్ బ్యాండేజీని వేళ్ళ మొదలు నుంచి పైకి చుట్టండి. వాపు ఆగేంత బిగువు చాలు. నిద్రపోయేటప్పుడు వదులు చేయండి.
* నొప్పికి ఐసు పెట్టవచ్చు. గుడ్డలో చుట్టి, పది నుంచి ఇరవై నిమిషాలు మాత్రమే. చర్మానికి నేరుగా తగలనివ్వకండి. ఐసు దొరకకపోతే కుండనీళ్ళలో తడిపిన తువ్వాలు కప్పినా కొంత హాయిగా ఉంటుంది.
* నొప్పి భరించగలిగినంత వరకు వేళ్ళను, పాదాన్ని మెల్లగా కదిలిస్తూ ఉండండి.

మేము నర్సింగ్ చదివేటప్పుడు విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అని నాలుగు మాటలు బట్టీపట్టేవాళ్ళం. 1978లో అమెరికా వైద్యుడు గేబ్ మిర్కిన్ తన పుస్తకంలో ఈ సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అదే డాక్టరు గారు 2014లో తన మాట సవరించుకున్నారు. ఎక్కువగా ఐసు పెట్టడం, పూర్తిగా కదలకుండా ఉండడం గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. కాబట్టి ఐసు నొప్పి ఓర్చుకోవడానికే అని గుర్తుంచుకోండి. విశ్రాంతి అంటే నెలరోజులు మంచం పట్టడం కాదు. మొదటి రెండు మూడు రోజులు దాటాక, డాక్టరు గారు సరేనంటే, కొద్దికొద్దిగా కాలు మోపడమే మేలు.

ఏం చేయకూడదు?

* మొదటి మూడు రోజులు వేడి కాపడం, వేడి నీళ్ళు, మండే బాములు వద్దు. రక్తస్రావం, వాపు పెరుగుతాయి.
* మర్దన వద్దు. తొడకు గట్టి దెబ్బ తగిలినప్పుడు తైలం పెట్టి గట్టిగా రుద్దితే ఆ కండరంలోనే ఎముకలాంటి గడ్డ పుట్టే ప్రమాదం ఉంది. మోచేతి దెబ్బకు కూడా ఇదే హెచ్చరిక.
* "ఎముక తప్పింది, లాగితే కూర్చుంటుంది" అని ఎవరైనా లాగబోతే ఒప్పుకోకండి.
* వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టించుకుని ఇంటికి వెళ్ళి పడుకోకండి.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. సున్నం-బెల్లం పట్టు, కోడిగుడ్డు సొన కట్టు మన అమ్మమ్మలు వేసినవే. పెద్దవారి నమ్మకాన్ని కించపరచడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ కట్టించుకున్నా రెండు పనులు మాత్రం మానవద్దు. కట్టుకు ముందు డాక్టరుకు చూపించి, ఆయన అవసరమంటే ఎక్స్‌రే తీయించండి. కట్టిన తరువాత గంటగంటకూ వేళ్ళు చూసుకోండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో తిరిగి ఎరుపెక్కాలి. వేళ్ళు నీలంగానో, తెల్లగానో, చల్లగానో మారినా, తిమ్మిరెక్కినా, కట్టాక నొప్పి తగ్గకుండా పెరుగుతూ పోయినా తెల్లవారేదాకా ఆగకండి. కట్టు విప్పి వెంటనే ఆస్పత్రికి రండి. రక్తం ఆడని కండరం కొద్ది గంటల్లోనే చచ్చిపోతుంది. బెణికిన కాలును ఆపరేషన్ లేకుండా బాగుచేయవచ్చు, కుళ్ళిన కాలును కాదు.

ఎక్స్‌రే అందరికీ అవసరమా?

అవసరం లేదు. 1992లో కెనడాలోని ఒట్టావా నగర వైద్యులు దీనికి సులువైన నియమాలు ప్రకటించారు. వాటిని నేటికీ దేశదేశాల్లో వాడుతున్నారు. చీలమండ ప్రాంతంలో నొప్పి ఉండి, ఈ కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి:

* దెబ్బ తగలగానే, ఆస్పత్రికి వచ్చాక - రెండుసార్లూ నాలుగు అడుగులు కూడా వేయలేకపోవడం.
* చీలమండకు లోపలివైపు, బయటివైపు ఉబ్బుగా కనిపించే ఎముకల వెనక అంచున, కింది 6 సెంటీమీటర్లలో గానీ, ఆ ఎముకల కొనమీద గానీ నొక్కితే నొప్పి.
* పాదం బయటి అంచున, చిటికెన వేలు వైపు మధ్యలో ఉబ్బుగా తగిలే ఎముక మీద నొక్కితే నొప్పి.
* పాదం లోపలి అంచున, చీలమండకు కాస్త ముందున్న ఎముక మీద నొక్కితే నొప్పి.

ఎదిగే పిల్లల విషయంలో మరింత జాగ్రత్త. వారి ఎముకల కొనలలో ఉండే ఎదుగుదల భాగం లిగమెంటు కన్నా మెత్తన. పెద్దవారికి బెణికే చోట పిల్లలకు ఎముకే దెబ్బతినవచ్చు. "బెణుకేలే" అని ఇంట్లో ఉంచకుండా డాక్టరుకు చూపించండి.

నొప్పి మాత్రల సంగతి

సాధారణ బెణుకుకు మొదట పారాసెటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే, అన్నం తిన్నాక వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉంటే ముందుగా చెప్పండి. మందుల షాపులో అడిగి వారాల తరబడి మింగకండి. ఆటకు ముందు మాత్ర వేసుకుని దిగే అలవాటు అన్నిటికన్నా చెడ్డది. నొప్పి తెలియనప్పుడే గాయం పెద్దదవుతుంది. స్టెరాయిడ్ ఇంజక్షన్ కొన్ని జబ్బులకు మంచిదే. కానీ దాన్ని నేరుగా టెండాన్‌లోకి వేస్తే అది బలహీనపడి తెగిపోవచ్చు. స్పెషలిస్టు చూడకుండా అలాంటి సూదులు వేయించుకోకండి.

అసలు మందు - వ్యాయామం

డాక్టరు గారు ఎముక విరగలేదని చెప్పాక ఈ వ్యాయామాలు మొదలుపెట్టవచ్చు. ఒక మెట్టు సుఖంగా చేయగలిగితేనే తరువాతి మెట్టు.

మొదటి మెట్టు: కుర్చీలో కూర్చుని పాదాన్ని గాలిలో ఉంచి, బొటనవేలితో అ నుంచి అః వరకు అక్షరాలు రాయండి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. రోజుకు మూడుసార్లు.

రెండో మెట్టు: పాత సైకిల్ ట్యూబు ముక్కను మంచంకోడుకు కట్టి, రెండో కొనను పాదానికి తగిలించండి. పాదాన్ని బయటికి, లోపలికి, పైకి మెల్లగా లాగండి. ఒక్కో వైపు పదిసార్లు, మూడు విడతలు.

మూడో మెట్టు: గోడ పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. మొదట రెండు కాళ్ళతో, తరువాత దెబ్బ తగిలిన కాలితో.

నాలుగో మెట్టు: గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడండి. ముప్పై సెకన్లు నిలబడగలిగితే, కళ్ళు మూసుకుని ప్రయత్నించండి. ఆపైన ఒంటికాలి మీద నిలబడే బంతి విసిరి పట్టుకోండి. ఆలస్యమైన ఆ నరాల కబురును మళ్ళీ నేర్పేది ఇదే. చాలామంది మానేసేది కూడా ఇదే.

వ్యాయామం చేసేటప్పుడు కొంచెం లాగినట్టు ఉంటే ఫర్వాలేదు. మరునాడు పొద్దున వాపు గానీ, నొప్పి గానీ పెరిగితే మోతాదు ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు వెనక్కి రండి.

తొడ వెనక కండరం చిరిగినవారు తొలిరోజుల్లో దాన్ని బలవంతంగా సాగదీయకూడదు. గాయం మానాక మళ్ళీ రాకుండా ఉండడానికి ఒక మంచి వ్యాయామం ఉంది. మోకాళ్ళ మీద నిలబడి, వెనక ఒకరు చీలమండలు పట్టుకోగా, ఒంటిని నిటారుగా ఉంచి మెల్లమెల్లగా ముందుకు వాలాలి. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి.

ఈ వైద్యానికి కావలసింది ఒక గోడ, ఒక ట్యూబు ముక్క, ఓపిక. మొదటి రెండూ అందరి ఇళ్ళలో ఉంటాయి.

మోకాలి దెబ్బ

ఆటలో మోకాలు మెలిపడి "టప్" మని శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే బాగా వాచితే లోపలి ముఖ్యమైన లిగమెంటు తెగి ఉండవచ్చు. మోకాలు మడత దగ్గర ఇరుక్కుపోయినా, నడుస్తుంటే జారిపోతున్నా అశ్రద్ధ చేయకండి. ఎముకల డాక్టరుకు తప్పక చూపించాలి.

ఇలాంటి మోకాలికి కూడా అందరికీ ఆపరేషన్ తప్పదని కాదు. 2010లో స్వీడన్ వైద్యులు ఈ లిగమెంటు తెగిన 121 మంది యువతీయువకుల మీద చేసిన పరిశోధనను ప్రకటించారు. కొందరికి వెంటనే ఆపరేషన్ చేసి వ్యాయామం చేయించారు. మిగిలినవారికి ముందు వ్యాయామం చేయించి, అవసరమైతేనే ఆపరేషన్ చేశారు. రెండేళ్ళ తరువాత రెండు గుంపుల పరిస్థితీ దాదాపు ఒకేలా ఉంది. రెండో గుంపులో సగానికి పైగా మందికి అప్పటికి ఆపరేషన్ అవసరమే పడలేదు. మీ మోకాలికి ఏది తగినదో డాక్టరు గారే చెప్పాలి. ఏ దారి అయినా వ్యాయామం మాత్రం తప్పదు.

మళ్ళీ ఎప్పుడు ఆడవచ్చు?

క్యాలెండర్ చూసి కాదు, కాలును చూసి నిర్ణయించండి. ఈ ఐదు ప్రశ్నలకూ "అవును" అనగలగాలి:

1. కుంటకుండా మెట్లు ఎక్కి దిగగలుగుతున్నానా?
2. దెబ్బ తగిలిన కాలితో మడమ ఎత్తడం, రెండో కాలితో ఎన్నిసార్లు చేయగలనో అన్నిసార్లు చేయగలుగుతున్నానా?
3. ఒంటికాలి మీద రెండో కాలి మీద నిలిచినంతసేపు నిలుస్తున్నానా?
4. ఒంటికాలితో గెంతడం, ఎనిమిది అంకె ఆకారంలో పరుగెత్తడం, హఠాత్తుగా ఆగి తిరగడం భయం లేకుండా చేస్తున్నానా?
5. ఇవన్నీ చేసిన మరునాడు వాపు లేకుండా ఉందా?

తిరిగి ఆడేటప్పుడు కొన్ని నెలలు చీలమండకు పట్టీ గానీ, బ్రేస్ గానీ వేసుకుంటే మళ్ళీ బెణికే ప్రమాదం తగ్గుతుంది.

మన పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆ పోటీల్లోనే ఎడమ చీలమండ దగ్గర ఎముకకు సన్నని పగులు వచ్చింది. అదే నెలలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుంది. తిరిగి కోర్టులో దిగింది 2023 జనవరిలో. దేశమంతా ఎదురుచూసే క్రీడాకారిణే దాదాపు ఐదు నెలలు ఆగింది. ఊరి పోటీ కోసం మన పిల్లలు ఐదు వారాలు ఆగలేరా?

తల్లిదండ్రులకు, పి.ఇ.టి. మాస్టార్లకు

"ఈ ఒక్క మ్యాచ్ ఆడు" అనే మాట పిల్లవాడి నోట వచ్చినా, మీ నోట రాకూడదు. వాడు కుంటుతుంటే పక్కన కూర్చోబెట్టండి. ఆటకు ముందు పదిహేను ఇరవై నిమిషాలు ఒళ్ళు వేడెక్కే పరుగు, గెంతులు, ఒంటికాలి వ్యాయామాలు చేయించండి. గ్రౌండులో గుంటలు పూడ్చండి, రాళ్ళు ఏరించండి. అమ్మాయిలు నొప్పి చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, మీరే అడగండి.

చివరగా మా అక్క కొడుకు సంగతి. పాత గాయం కదా, ఇంక లాభం లేదని వాడు ఆశ వదిలేసుకున్నాడు. కొన్నేళ్ళ తరువాత మా ఆస్పత్రి ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చోబెట్టాను. నాలుగు నెలలు రోజూ పొద్దున ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆ కాలు ఇప్పుడు జారడం లేదు. సాయంత్రాలు వాలీబాల్ ఆడుతున్నాడు. ఆర్మీ వయసు మాత్రం దాటిపోయింది. పాత బెణుకులతో బాధపడేవారు కూడా ఇవాళే మొదలుపెట్టవచ్చు అనడానికి వాడే సాక్షి. మొదటి రోజే మొదలుపెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనడానికి కూడా వాడే సాక్షి.

గుర్తుంచుకోండి

* చాలా బెణుకులకు ఆపరేషన్ అక్కర్లేదు, వైద్యం మాత్రం కావాలి.
* మొదటి మూడు రోజులు కాపడం వద్దు, మర్దన వద్దు, బిగుతు కట్టు వద్దు.
* నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే.
* వేళ్ళు చల్లబడినా, నీలమైనా కట్టు విప్పి పరుగున ఆస్పత్రికి.
* సూదితో నొప్పి చంపి ఆటకు దిగవద్దు.
* నొప్పి పోయిన రోజు వ్యాయామం ఆపే రోజు కాదు. అసలు పని మొదలయ్యే రోజు.

ఈ పుస్తకం చదవడం అయ్యాక పక్కన పెట్టేయకండి. మీ ఇంట్లో ఆడుకునే పిల్లలుంటే వారి చేతికివ్వండి.